పన్నెండో భాగం ఆలస్యానికి సంజాయిషీ

సోమవారం, మధ్యాహ్నం
ఆసుపత్రి, రెండో నంబరు లిఫ్టు

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరిది చేతులు జోడించి, వినయంగా విన్నవించుకుంటున్న సంగతులు. ముందుగా నా తెలుగు పేదరికాన్ని మన్నించండి. పదేళ్ళ వయసులో చదవవలసిన వ్యాకరణాన్ని నలభై దగ్గరపడ్డాక, రాత్రి బడిలో, పగలంతా పనిచేసి వచ్చినవాళ్ళ ఆవలింతల మధ్య చదివినవాణ్ణి. అందుచేత నా వాక్యాలు కొత్త చెప్పుల్లాగా అక్కడక్కడా కరుస్తాయి. అయినప్పటికీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుణ్ణయ్యానని ఇక్కడ గుర్తుచేయడం అప్రస్తుతం కాదనుకుంటాను.

ఎదురుగా చెప్పవలసిన మాటలు ఉత్తరంలో ఎందుకంటారా? అన్నయ్యను ఈ ఆసుపత్రిలో చేర్చి నేటికి పదకొండో రోజు. ఇన్ని రోజులుగా మీరు మెట్లమీదనే ఎక్కి దిగుతున్నారు. రెండో అంతస్తులో నా లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా, మెట్ల మలుపులో మీరు ఫ్లాస్కు కింద పెట్టి మోకాలు పట్టుకుని నిలబడటం కనిపిస్తుంది. నన్ను చూడగానే ఫ్లాస్కు తీసుకుని, నొప్పి లేనట్టు ఎక్కుతారు. మీ కోపం న్యాయమైనదే. మీ మోకాళ్ళు ఏం పాపం చేశాయి?

ఆరేళ్ళ కిందటి మాట మీకు తెలుసు. రాత్రి బడి పట్టా చేతికి వచ్చిన రోజు దాన్ని తిన్నగా మీ ఇంటికే తెచ్చాను. అన్నయ్య చెక్కపనివారు కదా, చక్కటి చట్రం కట్టి, మా ముందుగదిలో తన చేత్తో తగిలిస్తారని ఆశ. వర్కుషాపు మిత్రులంతా కాఫీ తాగుతున్నారు. వాళ్ళందరి ముందు అన్నయ్య, "నలభై రెండేళ్ళకి పట్టానా? ఒరేయ్, దీనికి మేకు కూడా దండగరా!" అన్నారు. అందరూ నవ్వారు. మీరు కూడా కప్పు చాటున నవ్వారు, నేను చూశాను. పట్టా చుట్టుకుని వచ్చేశాను. మరునాడే నా చేతులతో నేనే మేకు కొట్టి తగిలించుకున్నానని మీకు ఫోనులో చెప్పాను. ఆ తరువాత నేను రాలేదు, ఆయన రమ్మనలేదు.

ఇక 'అటకమీద అన్నయ్య' సంగతి. కిందటి వేసవిలో ఒక వారపత్రికవారు, కుటుంబ జీవితంపై నవ్వించే ధారావాహిక కావాలని ప్రకటించారు. ఇల్లంటూ రాయబోతే ప్రతి గదిలోనూ అన్నయ్య లేని లోటే కనిపించింది. నాతో మాటల్లేని అన్నయ్యను ఇంటికి పిలవాలంటే నేను తలవంచాలి. దెయ్యానికైతే పిలుపు అక్కరలేదు. అందుకని మొదటి వాక్యంలోనే ఆయన్ను చంపేశాను: "మా అన్నయ్య పోయిన మరునాడే మా అటకమీదికి మకాం మార్చాడు." వదినగారూ, మీ మనసు కష్టపెట్టిన వాక్యం అదేనని తెలుసు. కానీ అది ఇంట్లో చదివి వినిపించిన రోజు, ఆరేళ్ళలో మొదటిసారి మా ఇంట్లో ఆయన గొంతు వినబడింది.

రాయడమంతా లిఫ్టులోనే. నాలుగో అంతస్తు చేరేలోగా మనుషులు తమ ఇంటి గొడవ సగం చెబుతారు, మిగతా సగం నేను కల్పిస్తాను. రెండు అంతస్తుల మధ్య ఒక వాక్యం చొప్పున రాస్తాను. నా వాక్యాలన్నీ ఒకే పొడవుంటాయేమిటని సంపాదకులు అడిగారు. ఒకనాడు లిఫ్టు ఇరుక్కుపోయి ముప్పావు గంట ఆగింది. ఐదో భాగంలోని ఆ పెద్ద పేరా దాని చలవే.

కథలో అన్నయ్య ఊరికే ఉండరు. ఆరేసిన బట్టలమీద రంపపుపొట్టు రాలుస్తారు. బీమా ఏజెంటు వస్తే అరగంట కూర్చోబెట్టి, పోయాక మొదలయ్యే పాలసీ ఏదైనా ఉందా అని ఆరా తీస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, తమ్ముడు గోడకు వంకరగా కొట్టిన మేకును సరిచేయాలని వారం వారం సుత్తి ఎత్తబోతారు. సుత్తి చేతిలోంచి జారిపోతుంది. దెయ్యం కదా! ఇక అటకమీద కూర్చుని తిట్టడమే. మీ తోడికోడలు ఆ తిట్లు చదివి, "అచ్చం బావగారేనండీ" అని కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

నా తప్పు ఒక్కటే. అందరి పేర్లూ మార్చి, వర్కుషాపులో ఆయన్ను పిలిచే ముద్దుపేరు 'చిత్రిక మేస్త్రి'ని మాత్రం అలాగే ఉంచాను. కథను నిజంలా చెప్పాలని రాత్రి బడిలో నేర్పారు. నేను నేర్చుకున్నది శ్రద్ధగా పాటిస్తాను. ఫలితంగా ఆయన సెలవులో ఉన్న వారంలో వర్కుషాపువాళ్ళు రంపాలు ఆపి రెండు నిమిషాలు మౌనం పాటించారట. మీ ఇంటికి తలలు వంచుకుని వచ్చినవాళ్ళకు పెరట్లో చిత్రిక పడుతూ ఆయనే ఎదురై, "ఎవరు పోయార్రా?" అని అడిగారట.

అంతవరకూ నవ్వులాటే. పదకొండో భాగంలో, ఎడమవైపు, పెన్సిలు పెట్టుకునే చొక్కా జేబు దగ్గర దెయ్యానికి పట్టేసినట్టుంటుందని రాశాను. అది గురువారం అచ్చయింది. శుక్రవారం అన్నయ్య అక్కడే చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు. మీరు ఫోనులో, "ఏమయ్యా, నీ కలంలో ఏం సిరా పోస్తున్నావు?" అన్నారు. చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మకూడదు. కానీ నమ్మాను. అప్పటికే రాసి జేబులో పెట్టుకున్న పన్నెండో భాగంలో అన్నయ్య అటక దిగి, అందరికీ చెప్పి, శాశ్వతంగా వెళ్ళిపోతారు. సంపాదకులు ముగింపు కోరారు మరి. ఆ కాగితాలు నాలుగు రోజులు నిప్పులా మోశాను. పోస్టు చేయడానికి భయం, చింపడానికీ భయం.

మంగళవారం ఆయన్ను కింది అత్యవసర వార్డు నుంచి ఐదో అంతస్తులోని ఆపరేషను గదికి తెచ్చింది నా లిఫ్టులోనే. మీరు ముందే మెట్లెక్కి వెళ్ళారు. పక్కన నర్సమ్మ ఒక్కరే. నేను మీటలవైపు తిరిగి నిలబడ్డాను. వెనకనుంచి, "ఏరా, పలకవేం? దెయ్యాలతోనైతే వారం వారం కబుర్లు చెబుతావుగా!" అని వినబడింది.

నర్సమ్మ, "మీరు మాట్లాడకూడదు పెద్దాయనా" అంది. ఆయన, "వీడు నన్ను చంపి పదకొండు వారాలైందమ్మా. ఇప్పుడు మాట్లాడితే కొత్తగా పోయేదేముంది?" అన్నారు. ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

ఆ క్షణంలో ఐదుకు బదులు మూడు నొక్కాను. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి. తలుపు తెరుచుకుంది, బయట ఎవరూ లేరు. "పన్నెండోది రాశావా?" అని అడిగారు. రాశానన్నాను. "అందులో నేనేమవుతాను?" అన్నారు. జేబులో కాగితాలు గుచ్చుకున్నాయి. "ఉంటావన్నయ్యా, అక్కడే ఉంటావు" అన్నాను. "ఉండాలి మరి. సగంలో వదిలేశావంటే నిజంగా వచ్చి కూర్చుంటా, జాగ్రత్త" అన్నారు. తలుపు మూసుకుంది. నాలుగు దాటాక, మత్తుమందుకు నాలుక మడతపడుతుండగా, "మేకు నిటారుగా కొట్టావా?" అన్నారు. కొట్టానన్నాను. "నీ మొహం. వంకరగానే ఉంటుంది. వచ్చి చూస్తాగా" అని కళ్ళు మూసుకున్నారు. ఐదో అంతస్తు వచ్చేసింది.

ఆపరేషను కబురు మీకు డాక్టరుగారు తలుపు దగ్గరే చెప్పి ఉంటారు. నాకు చెప్పేవారెవరు? నాలుగు గంటలపాటు మీటలు నొక్కుతూనే ఉన్నాను. అయితే లిఫ్టు నడిపేవాడికి ఒక విద్య తెలుసు. రోగి దక్కకపోతే డాక్టరు అంకెలవైపే చూస్తూ దిగుతాడు. ఆ రోజు డాక్టరుగారు ఎక్కీ ఎక్కగానే, "క్యాంటీనులో ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందంటావా?" అని నన్నడిగారు. వదినగారూ, ఒక మనిషి ఆకలి నాకంత ఆనందం కలిగిస్తుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. కింద దిగాక ఆ పన్నెండో భాగాన్ని ముక్కలు ముక్కలుగా చింపి చెత్తడబ్బాలో వేశాను. గుండెల మీది బండ దిగిపోయింది. స్టూలుమీద కూర్చుని, లిఫ్టు ఖాళీగా ఉండగా, కాసేపు ఏడ్చాను. మొదటి అంతస్తు మీట వెలుగుతూనే ఉంది, ఎవరో తిట్టుకున్నారు కూడా.

కాబట్టి రెండు విన్నపాలు. ఒకటి, దయచేసి రేపటినుంచి లిఫ్టెక్కండి. నేను మాట్లాడను, మీటలవైపే తిరిగి ఉంటాను. రెండు, పన్నెండో భాగం తిరిగి రాయడానికి అనుమతి ఇవ్వండి. ఈసారి అన్నయ్య అసలు చనిపోనేలేదని, అలిగి అటకమీద కూర్చున్నాడని, ఆకలేసి దిగివస్తాడని రాస్తాను. మీరు వద్దంటే ఒక్క అక్షరం కూడా రాయను. సంపాదకులకు అనారోగ్యమని చెబుతాను. ఎవరిదో చెప్పను.

విధేయుడైన మీ మరిది,
రెండో నంబరు లిఫ్టు

తా.క. ఆపరేషనుకు వెళుతున్న మనిషికి అబద్ధం చెప్పాను. మీకు ఆరేళ్ళుగా చెబుతున్నాను. ఆ మేకు నేను కొట్టలేదు. పట్టా ఈనాటికీ బీరువాలో, దుప్పట్ల కింద, ఆ రోజు చుట్టిన చుట్టలాగే ఉంది. గోడ ఖాళీ. మేకు కొట్టడం రాక కాదు. అది ఆయన కొట్టవలసిన మేకు. 'వచ్చి చూస్తా' అన్నారు కనుక ఇక దాచడం కుదరదు. మూడు నెలలు ఆయన ఏ బరువూ ఎత్తకూడదని డాక్టరుగారు చెప్పారు. అంటే సుత్తి కూడా ఎత్తరాదు, కథలోలాగానే. ఫరవాలేదు. మా ముందుగదిలో కుర్చీ వేస్తాను. ఆయన కూర్చుని తిడితే చాలు, నేను కొడతాను. మీరు కప్పు చాటు లేకుండానే నవ్వవచ్చు.

ఈ ఉత్తరం మీ తరువాత అన్నయ్యకు ఇవ్వండి. కానీ కుట్లు విప్పాకే, ఎందుకంటే నవ్వకూడదన్నారు. ఆయన చదివాక నర్సమ్మకు చూపించండి, నన్ను ఇంకా హంతకుణ్ణి చూసినట్టే చూస్తోంది. సంపాదకులకు మాత్రం, ఆలస్యానికి సంజాయిషీగా దీన్నే పంపుదాం, మేకు గోడకు దిగిన తరువాతే.