రెండు బిళ్ళలు

చెల్లెమ్మా, నీ మేనల్లుడు గెలిచాడే! వాడి పుస్తకాన్ని ఆటల పత్రికలో ఆకాశానికెత్తేశారు!

ఆగు, పెద్దవాణ్ణి కదా, పద్ధతిగా మొదలుపెడతాను. అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం వేళకింత తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వూ పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఏడిపిస్తుంది.

"వాడు రాసేది కథా, ఆటా?" అనీ అడిగావు. రెండూనూ. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక మనిషిగా మారి, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. దానికి కావలసిన చోటూ, మనుషులూ, నియమాలూ వీడి పుస్తకంలో ఉంటాయి. చోటంటే రాజుగారి కోట కాదు, మన బొగ్గు గని! ప్రచురణకర్తలంతా వద్దంటే సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. "ఆటలు రాసేవాడికి పిల్లనెవరిస్తార్రా?" అని రోజూ మొట్టే మీ వదిన, ఆ సమీక్షను "ఇంకోసారి చదవరా" అంటూ నాలుగుసార్లు చదివించుకుంది. నేను కనబడ్డవాణ్ణల్లా ఆపి చెప్పాను. మంగలి సగం గడ్డం గీసి, కత్తి పట్టుకునే విన్నాడు.

సమీక్ష రాసినాయన అన్నిటికన్నా మెచ్చింది ఒక్క నియమాన్ని: గనిలో ఉన్న తోటివాడి నంబరు బిళ్ళ నువ్వు తీసేస్తే, వాడు బయటికొచ్చినట్టే లెక్క. "ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాను. ఒక ఇత్తడి బిళ్ళ తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు. ఇది ఊహించి రాసింది కాదు" అన్నారు.

అక్కడికి రాగానే లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఆనందబాష్పాలనుకున్నారు.

నీ మూడో ప్రశ్న మిగిలింది. "ఆయన పోయిన రోజున ఏటా అందరూ వస్తారు, నువ్వొక్కడివే రావు. ఎందుకన్నయ్యా?"

గనిలోకి దిగేటప్పుడు ఎవరి నంబరు బిళ్ళ వాళ్ళు గేటు దగ్గరి మేకుల పలకకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. పలక ఖాళీ అయితే లోపల ఎవరూ లేనట్టు. బావ పనిముట్లు సర్దుకుని చివర్లో వచ్చేవాడు. మళ్ళీ వరసలో నిలబడక్కర్లేకుండా ఆయన బిళ్ళ కూడా నేనే తీసేవాణ్ణి. "బావమరిది ఉంటే ఇదే సుఖం" అనేవాడు. ఆ రోజూ తీశాను. ఇంతలో, బావ ఇంకా లోపలుండగానే, గనిలోకి నీళ్ళు విరుచుకుపడ్డాయి. ఫోర్‌మన్ ఖాళీ పలక చూసి, "అందరూ బయటే, మూసేయండి!" అని ఇనుప గేటు వేయించాడు. నేను కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. జేబులో రెండు బిళ్ళలు.

ఆ గొడవలో బావ బిళ్ళను మళ్ళీ మేకుకు తగిలించేశాను. ఎవరూ చూడలేదు. పలక చూసుకోలేదని ఫోర్‌మన్‌ను పనిలోంచి తీసేశారు. ఆయన ఇంటి ముందు నువ్వు దుమ్మెత్తి పోస్తుంటే, నీ భుజం పట్టుకుని నిలబడింది నేనే. ముప్ఫై ఒక్కేళ్ళయింది. ఆ ఫోర్‌మనూ పోయాడు. ఈ నిజం చెప్పడానికి ఆయన కూతురింటికి రేపు వెళుతున్నాను.

అబ్బాయికి ఎవరో పనివాడి కథగా చెప్పాను. వాడు అదే అనుకుని రాశాడు. ఆ పుస్తకం ఎలాగూ నీ చేతికొస్తుంది. దానికన్నా ముందు నా ఉత్తరం రావాలనుకున్నాను. క్షమించమని అడిగే ముఖం లేదు. రమ్మంటే వస్తాను, గుమ్మం తొక్కొద్దంటే అదీ న్యాయమే. వాడి సంతోషంలో మాత్రం నా పాపాన్ని కలపకమ్మా.

ఇట్లు,
నీ అన్నయ్య

చెప్పాల్సినవాళ్ళు: పుస్తకం సంగతి పిన్నికి (చెవి దగ్గర గట్టిగా), మామయ్యకు, నీ తోడికోడళ్ళిద్దరికీ. బిళ్ళ సంగతి నీ కొడుక్కి, నీ కూతురికి, బావ తమ్ముడికి. మీ వదినకూ అబ్బాయికీ నేనే చెబుతాను. మీ అత్తగారికి వద్దు, ఈ వయసులో.

కాదు. ముందు ఆవిడకే.