కొలకర్ర

మంగళవారం రాత్రి

ఇందుమూలంగా నాకు నేనే చాటించుకునేది ఏమనగా, రేపటి నుంచి నా టీలో పంచదార ఒక్క చెంచాయే.

ఎంత వేళాకోళంగా మొదలుపెట్టినా అసలు సంగతి రాయక తప్పదు. పొద్దున మా పైలట్ల స్కూలు చిన్న విమానం పెట్రోలు అయిపోయి కడియం దగ్గర వరిచేలో పడింది. ఎగిరే ముందు పెట్రోలు చూసే పని నాదే. నడిపిన మా స్టూడెంటు అనిత కాకినాడ ఆసుపత్రిలో ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు.

ఎక్కే ముందు అడిగింది. "బాబాయ్, పెట్రోలు చూశారా అండి? దీని ముల్లు సరిగ్గా చూపించదు కదా."

"తుని పోయి టిఫిన్ చేసి రావచ్చు, ఎక్కవే తల్లీ!" అన్నాను. నవ్వుతూ ఎక్కింది.

సాయంత్రం విచారణకొచ్చిన ఆఫీసర్లు అడిగితే, "రెక్క మీదకెక్కి ట్యాంకులో కొలకర్ర దింపానండి, సగానికి పైనే ఉందండి" అన్నాను. "అయితే చూసుకోకుండా ఎక్కువసేపు తిప్పింది, తప్పు ఆ అమ్మాయిదే" అని రాసుకున్నారు.

నేను కర్ర పట్టుకోలేదు, రెక్క ఎక్కలేదు. ఆ మాట అక్కడికక్కడే పుట్టించాను.