గుమ్మం పక్కన ఒక్క జత

ఫాతిమా, పోర్చుగల్
9-10-2004

అమలమ్మ వదినకి,

పొద్దున సముద్రం చూసి, మధ్యాహ్నం ఇక్కడి మరియమాత గుడికొచ్చాం. మనిషెత్తు కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు! అందరూ బూట్లతోనే గుళ్ళోకి వెళ్తారు. మన గుణదలలో అలా వెళ్తామా చెప్పండి? నేను మాత్రం నా చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్నాను.

మా పిల్ల కృప పోయినప్పటి నుంచి మీ తమ్ముడు గుడి గడప తొక్కలేదు కదా. ఇక్కడా “ఊరు చూడ్డానికొచ్చాను, నువ్వెళ్ళు” అని కొట్ల వైపు వెళ్ళిపోయారు. ప్రార్థన చేసుకుని వచ్చి కొట్లన్నీ వెతికాను, ఎక్కడా లేరు. భాష రాదు, ఎవర్నని అడగను? మళ్ళీ గుడి దగ్గరికొస్తే, వందలమంది బూట్లతో దాటుతున్న ఆ గుమ్మం పక్కన ఒకే ఒక్క జత చెప్పులున్నాయి. పటమటలో ఆయనకి మీరు కొనిపెట్టినవే.

నేను లోపలికి పోలేదు వదినా. వాటికి కాపలాగా బయటే కూర్చున్నాను.

మీ మరదలు