వేళ్లు నేలలోనే ఉన్నాయి

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. "సోయా కోత అవగానే ఆ పొలం చెక్క నాకు అప్పగించెయ్, ఇక నేనే చేసుకుంటాను" అని రాశావు. ఎలా ఉన్నావే అన్న మాటైనా లేదు. బాగానే ఉన్నాను, అడగకపోయినా చెబుతున్నాను.

నాన్న పోయాక మంచి నేలంతా నువ్వు ఉంచుకుని, నాకు ఈ చెక్క చూపించి ఏమన్నావు? "మన మధ్య కాగితాలెందుకే, ఉన్నన్నాళ్లూ చేసుకో" అన్నావు. అప్పుడక్కడ గడ్డి కూడా మొహమాటానికి మొలిచేది. ఏటా మొక్కజొన్న వేసి వేసి నేలను పిప్పి చేసింది నువ్వే కదా. నేను సోయా వేశాను. నేలకు మేలు చేసే సూక్ష్మజీవుల పొడిని చక్కెర నీళ్లతో విత్తనాలకు పట్టించి నీడన ఆరబెడుతుంటే, "పౌడర్ రాసి ముస్తాబు చేస్తున్నావు, ఎక్కడికే పంపుతున్నావు?" అని పడీపడీ నవ్వావు. కోతప్పుడు మొక్కల్ని పీకకుండా కొడవలితో కోసి వేళ్లు మట్టిలోనే వదిలితే పిచ్చిదాన్నన్నావు. ఆ పిచ్చితోనే నేలకు సత్తువ వచ్చింది. గింజలు నూనె మిల్లుకు పోయాయి, నూనె తీసిన పిండి కోళ్ల దాణాకు పోయింది. నీ కూతురికి పాలు పడక వాంతులు చేసుకుంటుంటే సోయా నానబెట్టి, రుబ్బి, వడకట్టి, పచ్చివాసన పోయేదాకా కాచి సీసాల్లో పంపింది ఎవరు? ఏరు దాటాక తెప్ప తగలేస్తావా?

నేల బాగుపడింది కాబట్టి నీకు గుర్తొచ్చింది. చెడిపోయి ఉంటే నేనూ, అదీ నీకు గుర్తొచ్చేవాళ్లం కాదు. ఇవ్వను.

చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరుతోనే,
గింజ


అన్నయ్యా,

జవాబు రాయలేదు, కొలతలకు మనిషిని పంపావు. కాగితం నీ పేరునే ఉంది కదా, ఏమంటాను? గట్టు మీద కూర్చుని చూశాను. అతను వెళ్లాక కడుపు మండి పచ్చని పైరులోకి దిగాను. వేళ్లతో సహా పీకి పారేస్తే నీకు మిగిలేది మళ్లీ ఆ పాత చెక్కే అనుకున్నాను. ఒక సాలు పీకేశాను. వేళ్ల నిండా ఆ సూక్ష్మజీవులు కట్టిన బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చి చూస్తే లోపల ఎర్రగా ఉంది, ఇంకా నేలకు సత్తువ పోస్తూనే ఉందన్నమాట. మన గొడవ దానికేం తెలుసు? అక్కడే కూలబడి ఏడ్చాను. మిగతాది పీకలేకపోయాను.

నిన్న కోత అయింది. ఎప్పట్లాగే కొడవలితోనే కోశాను. వేళ్లు నేలలోనే ఉన్నాయి. నీ మీద ప్రేమ అనుకోకు. చేతులు రాలేదు, అంతే.

మోళ్లు కాల్చకుండా దున్ను. మళ్లీ మొక్కజొన్నే వేస్తావు, నాకు తెలుసు. ఎరువు కాస్త తగ్గించినా ఏపుగా వస్తుంది. చూసినవాళ్లంతా నీ చెయ్యి మంచిదంటారు. అనిపించుకో.

పాప పాల కోసం ఒక డబ్బా గింజలు వదినకు పంపుతున్నాను. పాలు ఎలా కాచాలో చెప్పాను. అవి అయిపోయాక నాకు కబురు పెట్టకండి, కొనుక్కోండి. నాకు నేల లేదు.

ఉంటాను,
చెల్లెలు