ఉప్పు తీసుకుపోయిన నీళ్ళు

పన్నెండో తారీఖు, బుధవారం
మీ ఇంట్లో, చేపల తొట్టి పక్కన

బావగారికి,

మీ వియ్యంకుడు తడి చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను బాగున్నాను. గోడలు బాగున్నాయి. కుళాయిలు కూడా బాగున్నాయి, వాటిని బిగించింది నేను కాబట్టి. మీ గుండె కుట్లు ఎండాయనీ, వరండాలో నాలుగు చుట్లు నడుస్తున్నారనీ మా అమ్మాయి చెప్పింది. మీకు కోడలయ్యాక అది తియ్యగా మాట్లాడడం నేర్చుకుంది. అందుకని సగమే నమ్మాను. మిగతా సగం మీరు మీ చేత్తో రాస్తే నమ్ముతాను.

ఫోను ఉండగా ఈ ఐదో తరగతివాడు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నారేమో. ఫోన్లో నా నోరు నాది కాదు బావగారూ. ఆపరేషన్ రోజునే మా అమ్మాయి, "నాన్నా, ఆయన గుండె కోయించుకున్న మనిషి. చేపల గురించి ఒక్క చెడ్డ కబురు చెప్పావంటే ఊరుకోను. అడిగితే బాగున్నాయను, అంతే" అని హుకుం వేసింది. ఫోను స్పీకర్లో పెట్టి పక్కనే కూర్చుంటుంది. నేను దగ్గినా "నాన్నా!" అంటుంది. మీరు "నా చేపల జంట ఎలా ఉంది బావగారూ" అని అడగడం, నేను "బ్రహ్మాండం" అనడం. నెల రోజులుగా ఇదే పాట. ఇక మామూలు మనిషిలాగే అన్నీ విననివ్వండి అని నిన్న డాక్టరు చెప్పాడట. అందుకే కాగితం తీశాను.

మీ రొయ్య పోయింది. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. మీరు నీళ్ళలో చెయ్యి పెడితే వచ్చి గోళ్ళు శుభ్రం చేసేదే, అది. నారింజ జంట బతికే ఉంది. వాటి కాపురం ఉండే సముద్రపు పువ్వు ముడుచుకుపోయి, ఇప్పుడిప్పుడే వేళ్ళు చాపుతోంది. ఇక స్థిమితంగా కూర్చుని చదవండి.

మీరు ఆపరేషన్‌కు పిల్లల దగ్గరికి వెళ్తూ తొట్టికి కాగితం అంటించారు కదా. "నీళ్ళు గీత కిందికి దిగితే మంచినీళ్ళు పొయ్యండి. ఉప్పు వెయ్యొద్దు. బావగారూ, మీకే చెబుతున్నాను, ఉప్పు వెయ్యొద్దు." రెండోసారి రాసి కింద గీత కూడా కొట్టారు. నా మీద మీకున్న నమ్మకం అంత. సరే, రోషానికి పోయి అక్షరం తప్పకుండా చేశాను. మొదట్లో రోజుకు చెంబుడు పట్టేది. రెండో వారం రెండు చెంబులు. తర్వాత సగం బక్కెట్. ఎండలు ముదిరాయిలే అనుకున్నాను. ఉప్పు మాత్రం గోరంత వెయ్యలేదు. మీరు తిరిగొచ్చి చూస్తే "చెప్పినట్టు విన్నాడే" అనుకోవాలని.

ఆదివారం ఆదివారం ఉప్పు కొలిచే డబ్బాలో నీళ్ళు పోసి ముల్లు చూడమన్నారు. చూశాను. పచ్చ గీత మీద ఉండాల్సిన ముల్లు కిందికి దిగింది. మరుసటి ఆదివారం ఇంకా కిందికి. నేనేం చేశానో తెలుసా? డబ్బాను బల్లకేసి రెండు దెబ్బలు కొట్టాను. నలభై ఏళ్ళలో నేను చూసిన మీటర్లలో సగం పాడైనవే. ఇదీ ఆ జాతే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కింది వాటా దర్జీ మెట్లెక్కి వచ్చాడు. "మేస్త్రీ గారూ, పైన మీ పైపు ఏదో కారుతోందండీ. నా ఇస్త్రీ పెట్టె మీద చుక్కలు పడుతున్నాయి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మేడలో పైపులన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. "నేను బిగించిన పైపు నేను పోయాక కూడా కారదు, పోయి నీ కప్పు చూసుకో" అన్నాను. అతను "మీరు పోయేదాకా నా ఇస్త్రీ ఆగదు కదండీ" అని వెళ్ళిపోయాడు. నోరున్న మనిషే.

అన్నానే కానీ మనసు ఒప్పుకోలేదు. రెండు రోజులు స్నానాల గది, వంటగది, మేడ మీది ట్యాంకు, అన్ని జాయింట్లూ తడిమి చూశాను. అన్నీ పొడి. మూడో రోజు దర్జీ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇస్త్రీ పెట్టె కూడా తెచ్చాడు. "చుక్క ఆరితే తెల్లటి మచ్చ మిగులుతోంది, చూడండి. వేలితో తీసి నాకి చూశాను. మీ పైపుల్లో ఉప్పునీళ్ళు వస్తాయా మేస్త్రీ గారూ?" అన్నాడు.

అతని ముందే నేల మీద బోర్లా పడుకుని తొట్టి బల్ల కిందికి చెయ్యి చాపాను. తడి తగిలింది. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. తొట్టి కింది అంచు పొడుగునా తెల్లగా పొర కట్టి ఉంది. దాన్ని వారం నుంచీ సున్నపు దుమ్మనుకుని గుడ్డతో తుడుస్తున్నాను బావగారూ. నీళ్ళతో బతికిన మనిషిని నేను. నన్ను చూసి దర్జీ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

అంచు విడిపోయింది. గాజుకు గాజు అతికించినవాడు పనివాడు కాదు, చెయ్యి వణికే మనిషెవడో. ఇలాంటివాణ్ణి నా దగ్గర ఒక్క పూట కూడా పనిలో ఉంచేవాణ్ణి కాను.

నా సంచిలోని లప్పం తీసి బయటి నుంచి మెత్తాను. పొద్దుటికి లప్పం ఊడి, ధార ఇంకా పెద్దదైంది. నీళ్ళు నెట్టే వైపు నుంచి కాక ఇవతలి నుంచి మూస్తే నిలవదని ఎందరికి నేర్పానో! నా చేతికే ఆ ముక్క గుర్తు రాలేదు. ఆ ఉదయమే రొయ్య వెల్లకిలా పడి ఉంది. జంట పైకొచ్చి నోళ్ళు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాయి. అప్పుడు సిగ్గు పక్కన పెట్టి, మీ కాగితం కింద ఉన్న నంబరుకు, రంగు చేపల దుకాణం అమ్మాయికి ఫోను చేశాను.

ఆ పిల్ల నోరు మీకు తెలుసు కదా. వచ్చీ రాగానే ముల్లు చూసి, "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది తాతగారూ?" అంది. డబ్బా పాడైందన్నాను. "డబ్బా బాగానే ఉంది. పాడైంది చూసిన మనిషి" అంది. నా వయసులో సగం లేదు. మళ్ళీ కాగితం చదివి మెత్తబడింది. "ఇందులో మీ తప్పు లేదు. ఎండకు ఇగిరిపోయే నీళ్ళు ఉప్పును వదిలేసి పోతాయి. అందుకే మంచినీళ్ళు పొయ్యమన్నారు. కారిపోయే నీళ్ళు ఉప్పును వెంట తీసుకుపోతాయి. మీరు పోసిన ప్రతి బక్కెట్‌కీ సముద్రం చప్పబడింది" అంది.

ఆ మాట విని తొట్టిని మళ్ళీ చూశాను. మట్టం చూస్తే ఎప్పుడూ గీత దగ్గరే ఉంది. నీళ్ళు నిండుగా కనిపిస్తున్నాయి. లోపల ప్రాణం నిలిపేది మాత్రం నేల కిందికి పోతోంది. మీతో ఫోన్లో రోజూ నేను చేసిందీ అదే కదా. మీరు అడగడం, నేను "బ్రహ్మాండం" అని చప్పటి నీళ్ళు పొయ్యడం. మన మధ్య మాట తగ్గినట్టు మీకు కనిపించనే లేదు. పదిహేనేళ్ళుగా మీరు నన్ను మొరటోడని, నేను మిమ్మల్ని చేపల పంతులని ఎకసెక్కాలాడుకున్నామే, అందులో ఉప్పుండేది బావగారూ.

ఇక పని సంగతి. నీళ్ళున్న తొట్టిలో అతుకు పడదంది ఆ పిల్ల. జంటనూ, పువ్వునూ రాయితో సహా పెద్ద టబ్బులోకి మార్చాం, గాలి పంపు పెట్టాం. ఒకేసారి ఉప్పు వేసి పచ్చ గీతకు లేపుదామన్నాను. "చంపేస్తారా? రోజుకు కాస్త" అంది. స్నానాల గదులకు వాడే సిలికాన్ జిగురు నా సంచిలో ఉంటే బయటికి తీశాను. చేతిలోంచి లాక్కుంది. అందులో బూజు పట్టకుండా మందు కలుస్తుందట, చేపలకు విషమట. చేపల తొట్లకు వేసేది వేరే తెచ్చింది. తెచ్చాక మాత్రం పక్కకు తప్పుకుని, "ఇక మీ చెయ్యి కావాలి తాతగారూ, నా అతుకు వంకర పోతుంది" అంది. తెలివైన పిల్ల.

పాత అతుకంతా బ్లేడుతో గీకాను. మోకాళ్ళు పోయాయి. ఒక్క గీతలో, మధ్యలో చెయ్యి ఎత్తకుండా నాలుగంచులూ లాగాను. అలాంటి అతుకు మీ జన్మలో చూసి ఉండరు. తర్వాత వారం రోజులు ఆరాలంది. నా బతుకులో ఏ అతుకుకూ ఒక పూట మించి ఆగలేదు. దీనికి ఆగాను.

టబ్బులో జంట బెదిరి మూలకు నక్కితే, నా సంచిలో వంపు పైపు ముక్క ఒకటి కడిగి వేశాను. గంటలో పెద్దది అందులో దూరింది. చిన్నవాడు గుమ్మంలో కాపలా. ఆ ఇంట్లో పెత్తనం ఆడదానిదేనని మీరు చెబితే నమ్మలేదు. పాపం, లోపలికి రానిచ్చేదాకా వాడు తోక ఊపుతూనే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో నేనూ అంతే. ఇప్పుడు తొట్టిలోకి మార్చినా ఆ పైపు వదలడం లేదు. మీకు చూడ్డానికి బాగుండకపోయినా తియ్యకండి.

నిన్నటితో తొట్టి నిండి నాలుగు రోజులు. కింద కాగితం పరిచాను. పొడిగా ఉంది. ముల్లు పచ్చ గీత మీద ఉంది. దర్జీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

రొయ్య గురించి ఏం రాయాలో తెలియడం లేదు. ఒకరోజు నేనూ నీళ్ళలో చెయ్యి పెట్టాను. వచ్చి నా గోళ్ళు చూసి వెనక్కి పోయింది. నలభై ఏళ్ళ తుప్పు మరి. మర్నాడు మళ్ళీ పెట్టాను. అప్పుడు వచ్చి పని మొదలుపెట్టింది. అంతే రాయగలను.

మందులు వేళకు వేసుకోండి. అల్లుడిని అడిగానని చెప్పండి.

మీ కుర్చీలో కూర్చుని, మీ కళ్ళజోడు పెట్టుకుని రాసిన,
మీ వియ్యంకుడు

తాజా కలం: కవరు అంటించి మళ్ళీ చింపాను. మీరు వెళ్ళిన మూడో రోజున ఊరికే కూర్చోలేక తొట్టి మీద రసమట్టం పెట్టి చూశాను. బుడగ వెంట్రుకవాసి పక్కకు ఉంది. వంకరగా ఉన్నది చూస్తే నా చెయ్యి ఆగదు. జాకీతో బల్ల ఒక కాలు ఎత్తి కింద చెక్క ముక్క కొట్టాను. బుడగ మధ్యకు వచ్చింది. తొట్టి 'టిక్' మంది. విన్నాను. బల్ల చెక్క సర్దుకుంది అనుకున్నాను, అనుకోవాలని అనుకున్నాను. తడి తగిలిన రోజునే తెలిసింది, ఒక మూల ఎత్తితే గాజు మెలితిరుగుతుందని. దర్జీ కిందికి వెళ్ళగానే ఆ ముక్క తీసి జేబులో వేసుకున్నాను. తొట్టిని ఎవరైనా కదిపారా అని ఆ పిల్ల అడిగితే, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. మీ తప్పు లేదు అన్నప్పుడు కూడా ఊరుకున్నాను. ఉత్తరంలో పైన ఎవరో గాజు పనివాణ్ణి తిట్టాను. అతని చెయ్యి వణకలేదు. ఆ మాటలు కొట్టేద్దామనుకుని వదిలేశాను. నేనెలా రాస్తానో కూడా మీరు చూడాలి. దీన్ని అమ్మాయికి, అల్లుడికి గట్టిగా చదివి వినిపించండి. పొద్దున్నే దుకాణానికి వెళ్ళి ఆ పిల్లకు నేనే చెబుతాను. ఇంటి తాళం దర్జీకి ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను. కానీ ఆదివారం ముల్లు చూడడానికి మాత్రం నన్ను లోపలికి రానివ్వమని అతనికి చెప్పండి.