పండు పేరున కట్టిన ఫ్లెక్సీ

రాజోలు,
12-9-2024.

జ్యోతిర్మయి మేడంగారికి, రేవులో చేపలు పట్టే ఓలేటి పోతురాజు దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాస్తే అబద్ధం. అక్కడ మీకూ బాగాలేదని విన్నాను. మా సెంటర్లో ఫ్లెక్సీ కోసింది మీ స్టూడెంట్లేనని, వాళ్లని ఎగదోసింది మీరేనని హీరో అభిమానులు గొడవ చేస్తే, యూనివర్సిటీవాళ్లు మిమ్మల్ని క్లాసుకి రావద్దన్నారట.

నాకు రెండో తరగతితో చదువు సరి. తప్పులు మీరే దిద్దుకోండి.

మొదట మీమీద నాకు కోపమే. మా మనవడు పండు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ముందు పిల్లల్ని నిలబెట్టి, హీరో బొమ్మ ఎంత, నాయకుడి బొమ్మ ఎంత, ఎందుకంత, పెత్తనమంటే ఏమిటి అని మీరు అడుగుతుంటే, మా చావు మీకు పాఠమా అనుకున్నాను. చేతిలో తెడ్డు కూడా ఉంది. అంతలో మీ పిల్లల్లో ఒకమ్మాయి వచ్చి, తాతగారూ, ఇందులో చనిపోయినాయన ఎవరండీ అంది. నేనూ వెతుక్కోవలసి వచ్చింది. పైన హీరో, పక్కన నాయకుడు, కింద నల్లకళ్లద్దాలతో అభిమాన సంఘం కుర్రాళ్లు. వాళ్ల నడుమ అరచెయ్యంత మావాడు.

హీరో పుట్టినరోజుకి మావాడు కటౌట్ లేపుతుంటే ఇనుప ఊచ కరెంటు తీగకి తగిలింది. అంతే. నాయకుడు వచ్చి నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగి వెళ్లేరు.

కర్మలయ్యాక దాన్ని దింపండర్రా అని సంఘం ప్రెసిడెంటు సాయిదుర్గాప్రసాద్‌ని అడిగాను. అమ్మో, మా బాస్ మొహం ఉంది తాతా, ముట్టుకుంటే ఊరు అంటుకుంటాది అన్నాడు. మావాడు కాలిపోతే అంటుకోని ఊరు, బొమ్మ చిరిగితే అంటుకుంటాదేంట్రా అన్నాను. పోనీ పండుగాడి ఫొటో పెద్దది చేయించి ఇంకోటి కడదాంలే, నాయకుడుగారితో కలిపి అన్నాడు.

మీరు పాఠం మానకండి. పండు మీ క్లాసులో కూర్చునుంటే ఆ కటౌట్ జోలికి వెళ్లేవాడు కాదేమో. వెళ్లేవాడేనేమో కూడా. నా మాటే వినలేదు వాడు.

ఇట్లు, సొంత చేత్తో రాసిన
ఓలేటి పోతురాజు.

తా.క.: ఫ్లెక్సీ కోసింది నేనే. పట్టపగలు, అందరూ టీ తాగుతుండగా, తాడు కోసే కత్తితో. చూసినవాళ్లెవరూ సాక్ష్యానికి రామన్నారు. స్టేషన్‌కి వెళ్లి చెబితే ఎస్సైగారు నవ్వి, ఇంటికి పో తాతా, మనవడు పోయి బుర్ర చెదిరింది నీకు అని పంపేసేరు. అందుకే కాయితం మీద పెట్టేను. మీ యూనివర్సిటీ పెద్దలకి చూపించండి. పండు బొమ్మున్న ముక్క నా దగ్గరుంది. మిగతా మొహాలన్నీ మా మేకల పాక మీద కప్పేను. నమ్మనివాళ్లని వచ్చి చూసుకోమనండి.