ఏ మిషను ఆగింది?

చిన్నోడా,

పోయిన సోమవారం పొద్దున్నుంచి నా కొట్టుకు కుట్టడానికి ఒక్క గుడ్డా రాలేదు. బిస్కెట్ ఫ్యాక్టరీలో జీతాలు మాత్రం ఎప్పటిలాగే ఇచ్చారు. మరి ఆ డబ్బంతా ఏమైంది? చిరిగిన నోటొకటి ఎర్రదారంతో కుట్టానని చెప్పానే, అది కూరల అవ్వ, సెలూన్ బాబాయి, చెప్పుల కొట్టు అన్నీ తిరిగి వారంలో నా గల్లాపెట్టెకే చేరేది. ఇప్పుడు దాని జాడే లేదు. ఇలాగైతే నెలాఖరుకు కొట్టు ఖాళీ చేయాలి. బ్యాంకులో ఉన్నావుగా, నువ్వైనా చెప్పు.

నీ అక్క

ప్రియమైన అక్కా,

మా బ్యాంకు నుంచి మీ ఊరికి పంపే నోట్లు తగ్గలేదు, అవి తిరిగి బ్యాంకుకు రావడమే మందగించింది. అంటే డబ్బు ఉంది, చేతులు మారడం లేదు. రేపటి మీద నమ్మకముంటే జనం ఇవాళ కొంటారు. భయమేస్తే చేయి బిగిస్తారు. ఒకరు బిగిస్తే ఇంకొకరికి బేరం పోతుంది, వాళ్లూ బిగిస్తారు. కానీ ఈ భయం దేనికో నాకూ అంతుపట్టలేదు. సెలూన్ బాబాయిని అడుగు. ఊళ్లో చీమ చిటుక్కుమన్నా ఆయనకు తెలుస్తుంది.

నీ తమ్ముడు

చిన్నోడా,

అడిగాను. బాబాయి అద్దం వెనక నుంచి ఎర్రదారం నోటు తీసి చూపించాడు.

"దాచుకున్నానమ్మా. 'మిషను ఆగిపోయింది బాబాయ్, ఇక కష్టమే' అని నువ్వే కదా అన్నావు?"

నేనన్నది నా కుట్టుమిషను గురించిరా! పెడల్ విరిగింది. ఆయనేమో ఫ్యాక్టరీ మిషను అనుకున్నాడు. గడ్డం గీయించుకున్న ప్రతివాడూ ఆ కబురు ఇంటికి మోసుకెళ్లాడు. కాదు మొర్రో అని వీధంతా చెప్పాను. "ఇంతగా కాదంటోందంటే ఏదో ఉందే" అంది కూరల అవ్వ. నవ్వాలా, ఏడవాలా?

అక్క

అక్కా,

ఆ భయం మాటలతో పోదు. ఎవరో ఒకరు ముందు ఖర్చు పెట్టాలి. ఇంతకీ నీ పెడల్ బాగు చేయించావా?

తమ్ముడు

చిన్నోడా,

లేదు. కొట్టు అద్దెకు పనికొస్తుందని మెకానిక్‌కి ఇవ్వాల్సిన డబ్బు దారాల డబ్బాలో దాచాను. నేనూ ఆ చేయి బిగించిన గుంపులోదాన్నే.

ఇంకో మాట. కొట్లలో బిస్కెట్లు అమ్ముడుపోక, శుక్రవారం నుంచి ఫ్యాక్టరీలో ఒక మిషను నిజంగానే ఆపుతారట. నా మాట ముందా, నిజం ముందా? బుర్ర తిరిగిపోతోంది.

మెకానిక్‌కి కబురు పెట్టాను. బాగుచేశాక బాబాయి దగ్గర క్షవరం చేయించుకునే వెళ్లాలని షరతు. "ముందు నేను ఖర్చు పెడుతున్నాను, ఆ తర్వాత నీ వంతు" అని అతనికి చెప్పించాను. గురువారం పదింటికి వస్తాడు.

నీ అక్క